ఎర్రకుంట గట్టు మీద బెంచి

మా తమ్ముడు సీను ఫోన్ చేసి నాలుగు వాక్యాలు రాసిపెట్టమన్నాడు. ఇంట్లో రాసేవాళ్లంటూ ఒకరుంటే ఈ బాధ తప్పదు. పెళ్లి శుభలేఖల దగ్గర్నుంచి సంవత్సరీకం కార్డుల దాకా అన్నీ వాళ్ల నెత్తినే పడతాయి. ఈసారి అడిగింది రాతిబెంచి మీద చెక్కించడానికి. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వాడు కార్ఖానా ఏరియాలో ఉంటూ సైకిల్ పిచ్చిలో పడ్డాడు. తనలాంటి వాళ్లు కొంతమందిని కూడగట్టుకుని ఆదివారం ఆదివారం హెల్మెట్లు పెట్టుకుని ఊరవతలికి పోయి, ఫొటోలు దిగి, ఇడ్లీలు తిని వస్తుంటాడు. అల్వాల్ దాటాక ఇంకా మిగిలి ఉన్న చెరువుల గట్ల మీద ఆ బృందంవాళ్లు బెంచీలు వేయిస్తున్నారట. ఎవరి బెంచి మీద వాళ్ల పెద్దవాళ్ల పేరు పెట్టుకోవచ్చునట. సీను ఎర్రకుంట గట్టు తీసుకున్నాడు. "నాయన పేరు మీద అక్కా. చిన్నప్పుడు మనల్ని ఆ చెరువుల పొంటి తిప్పిండు గద. అదే జెర మంచిగ రాయి" అన్నాడు.

మా నాయన సైకిల్ మీద మేం కూర్చున్న జ్ఞాపకం నాకు ఒక్కటి కూడా లేదు. ఆయనకు నల్లటి సైకిల్ ఒకటి ఉండేది, ఆ మాట నిజమే. బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి వసారాలో గోడకు ఆనించి, పాత దుప్పటి కప్పి ఉంచేవాడు. పొద్దున రైల్వే ఆఫీసుకు, సాయంత్రం ఇంటికి, అంతకుమించి ఆ సైకిల్ చూసిన లోకం లేదు. ఆదివారం వస్తే లుంగీ ఎగగట్టి, కిరసనాయిలు గుడ్డతో చైనూ చక్రాలూ తుడిచి, చుక్క చుక్క నూనె వేసి, మేం బెల్లు ముట్టుకుంటున్నామేమోనని ఓ కంట కనిపెడుతూ పూటంతా దానికి సేవ చేసేవాడు. ప్యాంటు కాళ్లకు పెట్టుకునే క్లిప్పులు మేకుకు వేలాడేవి. వాటిని ముట్టుకున్నా వీపు విమానం మోతే. సైకిల్ పని అయ్యాక కుంకుడుకాయ పులుసుతో తలంటు, తర్వాత రేడియో, మాంసం కూర, నిద్ర. చెరువు అనేది ఆయన ఆదివారంలో ఎక్కడా లేదు. మాకు చెరువులు చూపించింది మా మేనత్త సత్తెమ్మ. ఆ సంగతి సీనుకు ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. చోటు చూడకుండా రాయలేనని మాత్రం అన్నాను. వాడు సంబరపడిపోయి ఆదివారం రమ్మని ఆహ్వానం పంపాడు. చిన్న చిన్న చెరువులు, అందమైన పల్లెలు, సులువైన దారి, ఏ వయసు వారైనా తొక్కవచ్చు అని ఉంది దాంట్లో. ఆ సులువైన దారి అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది.

నా వయసు మీద గౌరవంతో వాడు నాకు బ్యాటరీ సైకిల్ ఒకటి ఏర్పాటు చేశాడు. తొక్కినా నడుస్తుంది, తొక్కకపోయినా నడుస్తుంది. పొద్దున్నే కార్ఖానాలో బయలుదేరి తిరుమలగిరి మీదుగా లోతుకుంట వైపు పోతుంటే, పక్కన ఉన్న పిల్ల ఒకతి ఆంటీ మీరు సూపర్ అంటూ నా ఫొటో తీసింది. లోతుకుంట ఎత్తు వచ్చేసరికి బండి దానంతట అదే ఎక్కేసింది. సరిగ్గా అక్కడే సత్తెమ్మత్త మమ్మల్ని దింపేది. సర్కారు ఆమెకు ఇచ్చింది లేడీస్ సైకిల్. వెనక కారియర్ మీద ముందు సీను, వాణ్ణి నడుం దగ్గర పట్టుకుని నేను. హ్యాండిల్‌కు మందుల సంచి. ఎత్తు రాగానే దిగి నడవండ్రా దొరబిడ్డలూ అనేది. తను చెమట తుడుచుకుంటూ సైకిల్ తోస్తుంటే మేం వెనకనుంచి తోసినట్టు నటించేవాళ్లం. మా నటన ఆమెకు తెలుసు. మీ చేతులు లేకుంటే ఈ ఎత్తు ఎక్కకపోదును అని మమ్మల్ని పొగిడేది.

ఆమె నాయనకు ఒక్కతే చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చింది. అప్పటికామెకు ఇరవై కూడా లేవని అమ్మ చెప్పేది. పల్లెల్లో కాన్పులు చేసే నర్సు పనికి మనుషుల్ని తీసుకుని నేర్పిస్తున్నారని ఎవరో చెబితే, బయట తిరిగితే నలుగురు ఏమంటారోనని నాయనమ్మ గునిసింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే బరువని నాయన ఒప్పుకున్నాడు. నేర్చుకున్నాక అల్వాల్ అవతలి ఊళ్లు ఆమెకు అప్పగించారు. వారంలో సగం అక్కడే సర్కారు ఇచ్చిన గదిలో ఉండేది, సగం మా ఇంట్లో. ఆమె వచ్చిందంటే ముందు డెట్టాల్ వాసన వచ్చేది, వెనక ఆమె వచ్చేది. రాగానే బావి దగ్గర చీర మార్చుకుని, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని గాని మమ్మల్ని ముట్టుకునేది కాదు. మా ఇంట్లో అందరికంటే శుభ్రమైన చేతులు ఆమెవి. అయినా పూజ గదిలో ఒక్క దీపం కూడా ఆ చేతులతో వెలిగించనిచ్చేవాళ్లు కాదు.

సెలవుల్లో అమ్మకు మా అల్లరి తప్పుతుందని మమ్మల్ని ఆమె వెంట పంపేవాళ్లు. అల్వాల్ దాటితే తారు రోడ్డు అయిపోయేది. అక్కణ్నుంచి గట్ల మీద దారి, ఒక చెరువు అలుగు దగ్గర దిగితే ఇంకో చెరువు గట్టు మొదలయ్యేది. తుమ్మలకుంట, ఎర్రకుంట, పెద్దచెరువు. తుమ్మలకుంట దగ్గర కొంగలు, బట్టలుతికే చప్పుడు. పెద్దచెరువు దగ్గర వరి నాటేవాళ్లు ఒంగిన నడుములు ఎత్తకుండానే సైకిల్ నర్సమ్మా అని కేకేసేవాళ్లు. ఎర్రకుంట నీళ్లు పేరుకు తగ్గట్టు వానాకాలమంతా ఎర్రగా ఉండేవి. ఆ గట్టు కింద ఊళ్లోనే ఆమె గది. ఇంటింటికీ ఆగి, పిల్లల్ని గుడ్డ ఉయ్యాలలో వేసి కొక్కెం త్రాసుకు తగిలించి తూచేది. మొగవాళ్లు గుమ్మంలో నిలబడి ఆడవాళ్ల సంగతి ముందు మాకు చెప్పమంటే, మీ కడుపుల ఏమన్న ఉందా చెప్పనీకె అని తరిమేది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం మేం మా ఇంట్లో ఎన్నడూ వినలేదు. ఊళ్లోవాళ్లు సీతాఫలాలు, మక్క కంకులు మా ఒళ్లో నింపేవాళ్లు. గట్టు మీద వచ్చేటప్పుడు ఆమె పెడల్ మీద నుంచి కాళ్లు తీసేసి సైకిల్‌ను దాని ఇష్టానికి వదిలేది. ఆ జారుడులో వెనక్కి తిరిగి మా మొహాలు చూసి నవ్వేది. ఆమె పళ్లు కనిపించేలా నవ్వింది నేను ఆ గట్ల మీదే చూశాను.

ఇప్పుడు తుమ్మలకుంట లేదు. ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి. వానాకాలంలో సెల్లారులోకి నీళ్లు వస్తున్నాయని, మోటార్లు పెట్టి తోడుతున్నామని గేటు దగ్గర వాచ్‌మన్ విసుక్కున్నాడు. నీళ్లు రాక ఏం చేస్తాయి, వాటి ఇల్లు అదే కదా. పెద్దచెరువు మొత్తం గుర్రపుడెక్క కమ్మేసింది. దూరం నుంచి చూస్తే పచ్చగా ఉందని మా బృందం అక్కడ ఆగి ఫొటోలు తీసుకుంది. దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాలి, అందుకని ఎవరూ దగ్గరికి పోలేదు. మురుగు వాసన గాలికి తేలి వస్తుంటే ప్రకృతి ఒడి అని ఒకాయన ఫోన్లో మాట్లాడుతూ వీడియో తీస్తున్నాడు. నేను ఆయన వీడియోలో పడకుండా సైకిల్ పక్కకు తోసుకున్నాను.

బతుకమ్మ రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి గట్ల పక్కన ఇంకా మిగిలిన కాస్త ఎర్రనేలలో తంగెడు పూసి ఉంది, అక్కడక్కడా గునుగు కంకులు. మా బృందంలోని పిల్లలు వాటి ముందు నిలబడి కూడా ఫొటోలు దిగారు. మా చిన్నప్పుడు మా వాడ మొత్తానికి బతుకమ్మ పూలు ఈ గట్ల మీదినుంచే, సత్తెమ్మత్త సైకిల్ మీదే వచ్చేవి. దసరా సెలవులివ్వగానే ఆమెతో పోయి కోయడం మా పని. తంగెడు కొమ్మలు పొడుగ్గా తుంచి, తడిపిన గోనెసంచిలో చుట్టేవాళ్లం. గునుగు కట్టలు కట్టి కారియర్‌కు రెండు వైపులా వేలాడదీసేది. ఆ పూట మేం కూర్చోవడానికి చోటుండేది కాదు, పూలకే చోటు. కార్ఖానా దాకా నడిచాక ఆమె మమ్మల్ని బస్సెక్కించి, తను సైకిల్ మీద వచ్చేది. ఇంట్లో అమ్మ గుండిగల్లో రంగునీళ్లు కలిపి ఉంచేది. గునుగు కంకుల్ని గులాబీరంగులో, ఆకుపచ్చలో ముంచి తీసి దండెం మీద ఆరేస్తే వసారా అంతా పచ్చి వాసన, రంగు వాసన, తడి గోనె వాసన. నా చేతులు దసరా పోయేదాకా గులాబీ రంగులోనే ఉండేవి.

అయితే ఆ పూలు ఇంట్లోకి వచ్చే పద్ధతి ఒకటుండేది. సత్తెమ్మత్త కట్టలు విప్పి బయటి అరుగు మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేది. నాయనమ్మ చెంబుతో వచ్చి వాటి మీద పసుపునీళ్లు చల్లేది. అప్పుడు అమ్మ వాటిని లోపలికి తీసుకునేది. నాయనమ్మ ఆమె కన్నతల్లి. కన్నతల్లే ఆ నీళ్లు చల్లేది. పేర్చేటప్పుడు సత్తెమ్మత్త ఆ గదిలోకి వచ్చేది కాదు. బతుకమ్మ చివరి రోజు, సద్దుల నాడు, ఊళ్లో ఏదో కాన్పు ఉందని చెప్పి పొద్దున్నే వెళ్లిపోయేది. ప్రతి ఏడూ సద్దుల నాడే ఎవరో ఒకరికి నొప్పులు ఎందుకొస్తాయని నేను అడిగితే, అమ్మ నా నెత్తి మీద ఒక్కటిచ్చి పూలు ముంచమంది.

ఇక ఆ సంవత్సరం సంగతి చెప్పాలి. నాకు పదేళ్లుంటాయి, సీనుకు ఆరు. సద్దులకు ముందు రోజు వెన్నముద్దల బతుకమ్మ. పూలకని పోయి ఎర్రకుంట ఊళ్లో ఆగాం. రాజవ్వ అని ఒకావిడ ఉండేది. ఆ ఎండాకాలంలో ఆమె కాన్పు కష్టమై ఊరంతా ఆశ వదులుకుంటే సత్తెమ్మత్త రెండు ప్రాణాలూ దక్కించింది. మేం పోయేసరికి రాజవ్వ వాకిట్లో ఆడవాళ్లంతా బతుకమ్మ పేరుస్తున్నారు. మొదటి పూవు నువ్వే పెట్టాలని రాజవ్వ పట్టుబట్టింది. సత్తెమ్మత్త నవ్వి తప్పించుకోబోయింది, మా ఇంట్ల తెలిస్తె బాగుండదంది. రాజవ్వ ఆమె చెయ్యి పట్టుకుని తాంబాళం దగ్గర కూర్చోబెట్టింది.

"ఈ చెయ్యి పట్టుకుంటెనె నేను బతికిన. బతుకమ్మకు గీ చెయ్యి పనికిరాదా?"

సత్తెమ్మత్త గుమ్మడి ఆకు పరిచి, దాని మీద తంగెడు పూవు పెట్టింది. తర్వాత ఆమె చేతులు ఆగలేదు. అంత చక్కగా, అంత వేగంగా వరస తర్వాత వరస పేర్చడం ఆమెకు వచ్చునని మాకు అప్పుడే తెలిసింది. పొద్దు వాలుతుండగా గట్టు మీదికి పోయి ఆడారు. మొదట్లో ఆమె అడుగు తప్పింది, చప్పట్లు ముందో వెనకో పడ్డాయి. నాలుగు చుట్లు తిరిగాక కుదిరింది. నీళ్లలో వదిలి వచ్చాక ఒకరికొకరు గౌరమ్మ పసుపు పూసుకుంటుంటే రాజవ్వ ఆమె రెండు చెంపలకూ పూసింది. మా చేతుల్లో మోదుగాకుల్లో నువ్వులు, బెల్లం, వెన్న కలిపిన ముద్దలు పెట్టారు. కార్ఖానా దగ్గర వీధి కుళాయి కనిపించగానే సత్తెమ్మత్త సైకిల్ ఆపి మొహం కడుక్కుంది. నావైపు తిరిగి పోయిందా చూడమంది. ఇంకా కొంచెం ఉందన్నాను. మళ్లీ కడుక్కుంది, కొంగుతో గట్టిగా రుద్దుకుంది. అప్పుడు పోయింది.

పసుపు పోయింది గాని సీను చేతిలో ముద్ద ఉండిపోయింది. నాయనమ్మకు పళ్లు లేవు, మెత్తటి తీపంటే ప్రాణం. వాడు తన వాటాలో సగం మిగిల్చి ప్రేమగా తెచ్చి ఆమె నోట్లో పెట్టాడు. ఆమె చప్పరిస్తూ, ఎంత కమ్మగుంది బిడ్డా ఎవరిచ్చిన్రు అంది. అత్త పేర్చిన బతుకమ్మదని వాడు గొప్పగా చెప్పాడు. అత్త ఎంత బాగా ఆడిందో కూడా చెప్పాడు. నాయనమ్మ నోట్లోది వాకిట్లోకి ఉమ్మేసింది. మొగుణ్ని తిన్నదానివి ఇప్పుడు నా కొడుకును సుత తింటవా అని కన్నకూతుర్ని పట్టుకుని అడిగింది. ఆ పూట మేం తెచ్చిన పూలన్నీ మురుగు మోరీ పాలు చేయించింది. మరునాడు మా సద్దుల బతుకమ్మను మోండా మార్కెట్‌లో కొన్న బంతిపూలతో పేర్చారు.

నాయన ఆఫీసు నుంచి వచ్చి, అంతా విని, కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాడు. తిన్నాక జెర ఇంటి ఇజ్జత్ సుత చూడాలె గద సత్తే అన్నాడు, కోపం లేకుండా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. సత్తెమ్మత్త తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఇన్నేండ్లు పూలు నా చేతులవె తెచ్చుకుంటిరి గద అన్నా" అంది.

దీపావళి వెళ్లగానే ఆమెకు బదిలీ ఆర్డరు వచ్చింది. గోదావరి అవతల అడవి ఊరు, రెండు బస్సులు మారి, ఆపైన నడిచి పోవాలి. సైకిల్ సర్కారుది కాబట్టి వదిలిపెట్టి పోయింది. తర్వాత వచ్చిన నర్సుకు తొక్కడం రాదట, అది ఎర్రకుంట గది వసారాలో నిలబడి నిలబడి తుప్పు పట్టిందని విన్నాను. ఆ తర్వాత సత్తెమ్మత్త మా ఇంటికి వచ్చింది రెండు మూడు సార్లే. వచ్చిన ప్రతిసారీ, ఎర్రకుంట నిండిందా అని అడిగేది. మాకు తెలియదనేవాళ్లం. మాకెలా తెలుస్తుంది, మమ్మల్ని అటు తీసుకుపోయే మనిషి ఆమె ఒక్కతే. ఆ అడవి ఊళ్లోనే ఏదో జ్వరం వచ్చి ఆమె చనిపోయింది. నాయన వెళ్లి అక్కడే అన్నీ కానిచ్చి, తిరుగు బస్సుకు వచ్చేశాడు. సర్కారు ఉద్యోగమంటే బదిలీలు తప్పవని మేం ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చాం. నేను కూడా నమ్మాను.

ఎర్రకుంట చుట్టూ ఇప్పుడు ఇనుప కంచె, నడవడానికి ఎర్ర టైల్స్ బాట. చెరువు నాలుగో వంతు మిగిలింది. గేటు పక్కన చాయ్ బండి దగ్గర మా బృందం ఆగింది. బెంచి వేసే చోటు సీను చూపించాడు, నీళ్లవైపు మొహం పెట్టి, వేపచెట్టు నీడలో. మంచి చోటే. వాణ్ణి పక్కకు పిలిచి, మనల్ని ఇక్కడికి తెచ్చింది నాయన కాదు కదరా అన్నాను. వాడు చాయ్ ఊదుకుంటూ, తెలుసక్కా అన్నాడు. మరి నాయన పేరెందుకంటే, ఇల్లు ఆయనది, మనం ఆయన పిల్లలం, ఇంకెవరి పేరు పెడతామన్నాడు. నేను తగ్గకపోయేసరికి వాడికి కొంచెం చిరాకేసింది.

"నాయన సుత ఊకె చేయించలేదక్కా ఆ ట్రాన్స్‌ఫర్. నాయనమ్మ అన్నం ముట్టలే. రోజూ లొల్లి. ఆయన మాత్రం ఏం చేస్తడు?"

నాయన చేయించాడా అని అడిగాను. నాకు తెలుసనే వాడు అనుకున్నాడట. అత్త శాఖలో పెద్ద ఉద్యోగి ఎవరో నాయనకు రైల్వే పాసుల వల్ల పరిచయమట. ఇంటికి దూరంగా వేయమని నాయనే పోయి అడిగాడట. ఎప్పుడు తెలిసిందంటే, నాయన పోయే ముందు ఆసుపత్రిలో చెప్పాడన్నాడు. చెప్పి ఏమన్నాడని అడిగాను. సీను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏడ్చిండు" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ అందరిలో కలిసిపోయి బిస్కట్లు పంచాడు.

తిరుగు దారిలో నేను బ్యాటరీ ఆపేసి తొక్కాను. అంత కోపాన్ని కాళ్లలోకి తోయకపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉప్పు తక్కువైందన్నంత నెమ్మదిగా మాట్లాడిన మనిషి, ఆ తర్వాత ఒకనాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్లిప్పులు పెట్టుకుని, తాను తుడిచి తుడిచి మెరిపించిన ఆ సైకిల్ మీదే పోయి చెల్లెల్ని అడవికి పంపమని అడిగి వచ్చాడు. నాయనమ్మ అరిచింది, ఉమ్మింది, అదంతా మా కళ్లముందు జరిగింది కాబట్టి ఇన్నేళ్లూ ఆమెను తిట్టుకున్నాను. అరవనివాణ్ణి మంచివాడనుకున్నాను. ఆయన ఏడ్చాడంటే నాకు జాలి కలగాలని సీను ఆశ. కలగలేదు. ఆమె బతికుండగా ఒక్క బస్సెక్కి పోయి, ఆమె ముందు ఏడ్చి ఉంటే అప్పుడు ఆలోచించేదాన్ని.

కాలం మారిందని అందరూ అంటారు. మారింది. మా ఆయన పోయాక వచ్చిన మొదటి బతుకమ్మకు సీను వాళ్ల అపార్టుమెంటుకు పిలిస్తే పోయాను. సీను భార్య, మా మరదలు లత చదువుకున్న పిల్ల, పెద్ద ఆఫీసులో పనిచేసింది, ఆమె నోట ఒక్క చెడ్డమాట రాదు. పేర్చే దగ్గరికి నేను రాబోతుంటే పరుగున ఎదురొచ్చి, వదినా మీకు మోకాళ్ల నొప్పులు కదా అంటూ దూరంగా కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. చల్లటి మజ్జిగ తెప్పించింది. అందరూ ఆడి, పసుపు పూసుకుని వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ మోకాళ్లే మొన్న కార్ఖానా నుంచి ఎర్రకుంట దాకా పోయి వచ్చాయి. అప్పుడు నీళ్లు చల్లేవాళ్లు, ఇప్పుడు కుర్చీ వేస్తున్నారు. సత్తెమ్మత్తకు తనను ఎక్కడ నిలబెట్టారో తెలిసేది. నాకు మజ్జిగ తాగడం అయిపోయాక గాని తెలియలేదు.

ఇంటికి వచ్చి సీను అడిగినవి రాశాను. ఈ గట్ల మీద సైకిల్ తొక్కుతూ తిరిగి, ఈ ఊళ్ల తల్లుల్నీ పిల్లల్నీ కాపాడిన నర్సు సత్తెమ్మ గుర్తుగా ఈ బెంచి వేయించింది ఆమె అన్న పిల్లలు అని రాశాను. అన్న అనే మాట దగ్గర చాలాసేపు ఆగాను. చివరికి ఉంచాను, ఆయనకు ఆ మాత్రం చోటిచ్చాను. ఆయన చేసినదాని గురించి ఒక్క అక్షరం రాయలేదు. ఇంతకంటే తగ్గడం నా వల్ల కాదని సీనుకు పంపాను. వాడు చాలాసేపటికి ఫోన్ చేశాడు. "మంచిగుందక్కా. గానీ ఎవరామె అని అడుగుతరు. మా కోడలు అడుగుతది, పిల్లలడుగుతరు. ఒకటి చెప్తె అన్నీ చెప్పాలె" అన్నాడు. అన్నీ చెప్పమన్నాను. ఇంత వయసొచ్చాక ఈ తక్లీఫ్ ఎందుకన్నాడు. అయితే నాయన పేరు కూడా వద్దు, ఉత్త బెంచి వేయమన్నాను. చూస్తానన్నాడు. ఆ చూస్తాను అనే మాటను నేను నమ్మాను.

సద్దుల నాడు పొద్దున చుట్టాల గ్రూపులో ఫొటో వచ్చింది. నల్లరాతి బెంచి, పైన బంతిపూల దండ. తెల్లటి అక్షరాల్లో నాయన పూర్తి పేరు. కింద, తన పిల్లలకు ఈ చెరువుల అందాన్ని సైకిల్ మీద తిప్పి చూపించిన ప్రేమమూర్తి అని ఉంది. దాని కింద ఇంకాస్త చిన్న అక్షరాల్లో రచన అని వేసి నా పేరు చెక్కించారు. అప్పటికే గ్రూపులో దండాల బొమ్మలు వరస కట్టాయి. ఎంత బాగా రాశారు వదినా, కళ్లు చెమర్చాయని ఎవరో పెట్టారు. సీనుకు ఫోన్ చేశాను. నేను రాయనిదాని కింద నా పేరెందుకు పెట్టావని అడిగితే వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇంట్ల రాసేటిదానివి నువ్వు. నీకు పేరు రావాలనే పెట్టిన గదక్కా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. చెక్కిన రాయి మీద తుడవడానికి ఏమీ ఉండదు. నేను పోయాక కూడా ఆ గట్టున నడిచేవాళ్లు, అలసి కూర్చునేవాళ్లు, ఆ మాటలు నావే అనుకుంటారు. అవి నావి కావు. మమ్మల్ని ఆ చెరువుల చుట్టూ తిప్పింది మా మేనత్త సత్తెమ్మ. ఆమెను అక్కణ్నుంచి వెళ్లగొట్టించింది మా నాయన.